రెప్పల అంచుల వాపు: కాపడమా, కడగడమా, చుక్కలా, మెషీనా... ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

ఏడేళ్ళ క్రితం సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మొదలైంది నాకిది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉండేవి, గోరువెచ్చని నీళ్ళతో తడిపితే గానీ విడేవి కాదు, వెంట్రుకల మొదళ్ళలో చుండ్రులాగా పొక్కులు, రోజంతా కంట్లో ఇసక పడ్డట్టు గరగర. అమ్మ కళ్ళకలకేమో అంది, మెడికల్ షాపులో చుక్కలమందు ఇచ్చారు, నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ మామూలే. ఇలా ఏడాదిన్నర తిరిగాక గానీ దీన్ని బ్లెఫరైటిస్ అంటారని, ఒక కోర్సు వాడేస్తే పోయే జబ్బు కాదని, బీపీ షుగర్‌ల లాగా అదుపులో పెట్టుకుంటూ ఉండాల్సిందని తెలియలేదు.

ఈ ఏడేళ్ళలో చాలానే వాడాను, కొన్నిటికి బాగా ఖర్చయింది కూడా. మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరికైనా ఇదే సమస్య అంటే ఫోన్ చేసి ఏది కొనాలి, ఏది వద్దు అని అడుగుతుంటారు, అందుకే అందరికీ చెప్పేది ఒకచోట రాస్తున్నా. డాక్టర్‌ని కాను, మందుల డోసులు మీ డాక్టర్ చూసి చెప్పాల్సిందే, కానీ ఏ దారి ఎవరికి సరిపోతుంది, ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం ఇది చదివాక మీకు క్లియర్‌గా ఉండాలి.

అన్నిటికంటే ముందు మీది ఏ రకమో తెలుసుకోవాలి, ఎందుకంటే సగం మంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఒకటి ముందు వైపుది, అంటే వెంట్రుకలు మొలిచే వరసలో వచ్చేది. తలలో చుండ్రు ఉన్నవాళ్ళకి జిడ్డు జిడ్డుగా పొలుసులు వస్తాయి, బ్యాక్టీరియా వల్ల అయితే గట్టి పొక్కులు కట్టి, పీకితే కింద చిన్న పుండులా ఉంటుంది. రెండోది వెనక వైపుది, రెప్ప కంటికి ఆనుకునే అంచులో ఉండే మైబోమియన్ గ్రంథులు మూసుకుపోవటం. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయివి, కన్నీటి మీద పల్చగా నూనె పొర పరిచేది ఇవే, ఆ పొర లేకపోతే కన్నీరు తొందరగా ఆవిరైపోయి కళ్ళు మండుతాయి. అందుకే సాయంత్రానికి కంప్యూటర్ ముందు చూపు మసకబారి, రెప్ప కొడితే మళ్ళీ క్లియర్ అవుతుంటుంది. మూడోది డెమోడెక్స్, కంటికి కనపడని చిన్న పురుగు, మిల్లీమీటర్‌లో మూడో వంతు ఉంటుంది, వెంట్రుక మొదట్లో కాపురం పెడుతుంది. దీనికి ఒక గుర్తుంది, వెంట్రుక మొదలు చుట్టూ చిన్న గొట్టం తొడిగినట్టు తెల్లటి పొర ఉంటుంది, దురద ఎక్కువ, అదీ పొద్దునపూట. చాలామందికి రెండు రకాలు కలిసే ఉంటాయి.

నా విషయం ఎలా తేలిందో చెప్తా. కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర) డాక్టరమ్మ స్లిట్ ల్యాంప్ అనే, కంటిని పెద్దగా చేసి చూసే పరికరం దగ్గర గడ్డం పెట్టించి, కింది రెప్ప అంచుని ఒక దూది పుల్లతో మెల్లగా నొక్కింది, ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద నాకూ చూపించింది. అక్కడ వంటనూనె లాగా పల్చగా కారాల్సిన చోట టూత్‌పేస్ట్ లాగా తెల్లగా చిక్కగా, సన్న దారంలా బయటికొచ్చింది. అది చూశాక ఇంక ఎవరూ నాకు కాపడం ఎందుకు పెట్టాలో వివరించాల్సిన పని లేకపోయింది, గడ్డకట్టిన నెయ్యిని కరిగించాలంటే ఏం చేస్తాం, వేడి చేస్తాం, అంతే. కాబట్టి మీరు డాక్టర్ దగ్గరికెళ్తే అడిగి మరీ రెప్ప నొక్కి చూడమనండి, వెంట్రుకల మొదళ్ళు కూడా పెద్దగా చేసి చూడమనండి. రెండు నిమిషాల పని.

ఇక అసలు పోలికలోకి వద్దాం.

కాపడం. వెనక వైపు రకానికి ఇదే ప్రాణం. గ్రంథి లోపలి కొవ్వు కరగాలంటే రెప్ప దాదాపు 40 డిగ్రీల వేడికి చేరాలి, చేరి ఓ ఐదు పది నిమిషాలు అలాగే ఉండాలి. మనం మామూలుగా చేసేది, వేడినీళ్ళలో టవల్ ముంచి పిండి కళ్ళమీద వేసుకోవటం, రెండు నిమిషాల్లోపే చల్లారిపోతుంది, ఆ తర్వాత ఉన్నది చల్లటి తడిగుడ్డే, దాంతో పది నిమిషాలు పడుకున్నా లాభం లేదు. టవల్‌తోనే చేయాలంటే నాలుగైదు గుడ్డలు తడిపి ఒకదాని మీద ఒకటి చుట్టి వేడి చేసుకుని, రెండు నిమిషాలకొకటి పై పొర తీసి మార్చుకుంటూ పోవాలి. పనిచేస్తుంది గానీ ఆఫీసుకెళ్ళే హడావిడిలో రోజూ ఎవరు చేస్తారు చెప్పండి. ఉడకబెట్టిన గుడ్డుని గుడ్డలో చుట్టి పెట్టుకోవటం కొందరిళ్ళల్లో అలవాటు, వేడి బాగా నిలుస్తుంది, కానీ ఒక్కచోటే తగులుతుంది, పెంకు మరీ వేడిగా ఉంటే పల్చటి రెప్ప చర్మం కాలుతుంది, చిన్నపిల్లలకి అసలొద్దు.

నేను రెండేళ్ళు వాడింది బియ్యం మూట. ఉతికిన కాటన్ సాక్సులో గుప్పెడున్నర బియ్యం పోసి ముడేసి మైక్రోవేవ్‌లో 20 సెకన్లు పెట్టి తీసి, బాగా కలిపి, మణికట్టు లోపలి వైపు ఆనించి చూసి, ఓర్చుకోగలిగితేనే కళ్ళమీద పెట్టుకునేదాన్ని. ఖర్చు లేదు, రెప్పల ఒంపుకి చక్కగా అమరుతుంది, కాకపోతే పొడి వేడి, బియ్యం వాసనొస్తుంది, నెలకోసారి బియ్యం మార్చాలి. తర్వాత మైక్రోవేవ్‌లో పెట్టుకునే పూసల మాస్క్ కొన్నా. తేమని పట్టుకుని వదిలే పూసలుంటాయి దాంట్లో, ఎనిమిది పది నిమిషాల దాకా ఒకేలాగా వేడి ఉంటుంది, చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి పాటలు వింటూ పడుకోవచ్చు. నన్నడిగితే ఈ మొత్తం జబ్బుకి మీరు పెట్టే డబ్బులో మొదటి రూపాయి ఆ మాస్క్ మీదే పెట్టండి, అది కొనలేకపోతే బియ్యం మూట, టవల్ ఆఖరిది. యూఎస్‌బీ తో వేడెక్కే మాస్కులు కూడా వస్తున్నాయి, టెంపరేచర్ సెట్ చేసుకునేది, దానంతటదే ఆగిపోయేది అయితేనే తీసుకోండి, ఆ రెండూ లేని చవకవి వద్దు.

కాపడం అయిన వెంటనే, కొవ్వు మళ్ళీ గడ్డకట్టక ముందే, పై రెప్పని పై నుంచి కిందికి, కింది రెప్పని కింది నుంచి పైకి వేలి కొసతో మెల్లగా నిమరాలి, వెంట్రుకల వైపుకి. కళ్ళు నలపటం వేరు ఇది వేరు, గట్టిగా నలిపితే కార్నియాకి మంచిది కాదు. మొదట్లో రోజుకి రెండుసార్లు, నెల తర్వాత నేను ఒకసారికి తగ్గించా, పూర్తిగా మానేస్తే నాకు మూడు వారాల్లో తిరిగొచ్చేస్తుంది, మూడుసార్లు మానేసి చూసి మరీ చెప్తున్నా.

కడగటం. ముందు వైపు రకానికి, చుండ్రు రకానికి ఇది ముఖ్యం. ఏళ్ళ తరబడి డాక్టర్లు చెప్పేది బేబీ షాంపూ, గోరువెచ్చని నీళ్ళు కొన్నిట్లో రెండు చుక్కలు కలిపి దూదితో గానీ ఇయర్ బడ్‌తో గానీ వెంట్రుకల మొదళ్ళు తుడవటం. చవక, ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, పొలుసులు బాగానే పోతాయి. కానీ షాంపూ చేసింది తల కోసం, 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో బేబీ షాంపూని, రెప్పల కోసమే చేసిన క్లెన్సర్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే రెండిటితోనూ ఉపశమనం వచ్చింది గానీ క్లెన్సరే మెరుగ్గా ఉంది, షాంపూ వాడిన కళ్ళల్లో కన్నీటిలోని జిగురు పదార్థం తగ్గింది కూడా. అందుకని నా అభిప్రాయం ఏంటంటే, మొదటి నెల బేబీ షాంపూతో మొదలుపెట్టండి, పర్లేదు, మంట లేకపోతే కొనసాగించండి, కళ్ళు ముందే పొడిగా ఉండేవాళ్ళు మాత్రం లిడ్ వైప్స్‌కో (రెప్పలు తుడుచుకునే తడి టిష్యూలు) ఫోమ్‌కో మారిపోండి. వైప్స్ రోజుకొకటి చొప్పున నెలకి లెక్కేస్తే బాగానే అవుతుంది, ఫోమ్ బాటిల్ ఎక్కువ రోజులొస్తుంది.

హైపోక్లోరస్ యాసిడ్ స్ప్రే అని ఇంకోటి ఉంది, పేరు చూసి భయపడొద్దు, మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపటానికి తయారు చేసుకునేది అదే, 0.01 శాతం ఉంటుంది రెప్పలకి వాడేది. దూది మీద కొట్టుకుని తుడిస్తే చాలు, కడగక్కర్లేదు, మంట ఉండదు, షాంపూ పడనివాళ్ళకి నేను ఇదే చెప్తా. బ్లీచింగ్ నీళ్ళతో ఇంట్లో తయారు చేసుకోవచ్చని ఎవరైనా అంటే దయచేసి వినకండి.

టీ ట్రీ ఆయిల్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. డెమోడెక్స్ పురుగుకి పనిచేసేది అందులోని టెర్పినెన్-4-ఆల్ అనే భాగం, అది కొలత ప్రకారం కలిపిన వైప్స్ వేరు, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న సీసాలో నూనె వేరు. ఆ సీసా నూనె నేరుగా రెప్పకి రాస్తే కార్నియా దెబ్బతింటుంది. నాకు తెలిసినామె ఒకామె కొబ్బరినూనెలో కలుపుకుని రాసి రెండు రోజులు కళ్ళు తెరవలేకపోయింది. పైగా 2020లో కోక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని సమీక్షించే సంస్థ వాళ్ళు ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూసి టీ ట్రీ ఆయిల్ కచ్చితంగా పనిచేస్తుందని చెప్పలేమన్నారు. పురుగు ఉందని డాక్టర్ తేల్చి చెప్తే వైప్స్ వాడండి, ఊరికే అనుమానం మీద వద్దు.

డెమోడెక్స్‌కి అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో దారి ఉంది. లోటిలానర్ 0.25 శాతం చుక్కలు, ఎక్స్‌డెమ్‌వీ పేరుతో, 2023 జులైలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, రోజుకి రెండుసార్లు ఆరు వారాలు. మొదటి పెద్ద ట్రయల్‌లో ఆ తెల్ల గొట్టాలు దాదాపు పూర్తిగా పోయినవాళ్ళు 44 శాతం, మందు లేని చుక్కలు వేసుకున్నవాళ్ళలో 7 శాతం, రెండో ట్రయల్‌లో 56కి 13. అంటే తేడా నిజం, కానీ అందరికీ పోదు అన్నదీ నిజం. ఇన్సూరెన్స్ లేకపోతే వెయ్యి డాలర్లు దాటుతుంది, కాబట్టి ముందు ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడి గానీ ప్రిస్క్రిప్షన్ వేయించుకోకండి.

చుక్కలు, ఆయింట్‌మెంట్లు. ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పాలి. రాత్రిపూట రెప్ప అంచుకి రాసుకునే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, లేదా అజిత్రోమైసిన్ చుక్కలు, ఇవి ముందు వైపు రకానికి కొన్ని వారాలు వాడితే మంచి సాయం. ఆయింట్‌మెంట్ చవక, వెంట్రుకల దగ్గర రాత్రంతా నిలుస్తుంది, కానీ చూపు మసక చేస్తుంది కాబట్టి పడుకునే ముందే. కంట్లోకి వేసే కన్నీటి చుక్కలు, లూబ్రికెంట్లు అంటారే, అవి రోజంతా ఉండే మంటకి, జబ్బుకి కాదు, రోజుకి నాలుగైదుసార్ల కంటే ఎక్కువ వేసుకోవాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి.

రెండో మాట స్టెరాయిడ్ గురించి. నాకు మొట్టమొదట షాపులో ఇచ్చిన చుక్కలు యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపినవి, నాలుగు రోజుల్లో ఎర్రదనం పోయింది అంటే అందుకే. బాగుంది కదా అని ఎర్రబడినప్పుడల్లా తెచ్చి వేసుకున్నా. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు గానీ, స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువ రోజులు వేసుకుంటే కొంతమందికి కంట్లో ప్రెషర్ పెరిగి గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) వస్తుంది, శుక్లం తొందరగా వస్తుంది, ఆ ప్రెషర్ పెరగటం మనకి తెలియనే తెలియదు, నొప్పి ఉండదు. డాక్టర్ రాస్తే, రాసినన్ని రోజులే, తగ్గించుకుంటూ ఆపమన్నట్టే ఆపండి. పాత చీటీ చూపించి మళ్ళీ కొనకండి. మీ ఇంట్లో ఫ్రిజ్ డోర్‌లో పాత చుక్కల సీసాలుంటే పేర్లు ఒకసారి చదవండి, చివర డి అనో డీఎక్స్ అనో ఉంటే తీసి పక్కన పెట్టి అడగండి.

మాత్రలు. కాపడం, కడగటం రెండూ బుద్ధిగా నెలా రెండు నెలలు చేసినా తగ్గకపోతే, ముఖంమీద రోజేషియా (బుగ్గలు, ముక్కు ఎర్రబడి ఉండే చర్మ సమస్య) ఉంటే, మాటిమాటికీ కంటికురుపులు వస్తుంటే డాక్టర్లు డాక్సీసైక్లిన్ రాస్తారు, కొన్ని వారాలు. సూక్ష్మజీవుల్ని చంపటం కంటే వాపు తగ్గించటానికి, నూనె మళ్ళీ పల్చగా రావటానికి. గర్భిణీలకి, పాలిచ్చే తల్లులకి, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి ఇవ్వరు. పాలతో కలిపి వేసుకోకూడదు, గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతుకింద పట్టేసి మంట పుడుతుంది, ఎండలో చర్మం కమిలిపోతుంది, మన ఏప్రిల్ మే నెలల్లో ఇది చిన్న విషయం కాదు. దానికి బదులుగా అజిత్రోమైసిన్ ఐదు రోజుల కోర్సు, మొదటిరోజు 500 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు రోజులు 250 చొప్పున. 2015లో ఇరాన్ డాక్టర్లు 110 మంది మీద రెండిటినీ పోల్చి చూస్తే ఐదు రోజుల అజిత్రోమైసినే కొంచెం మెరుగ్గా, కడుపులో ఇబ్బంది తక్కువగా ఉందని తేలింది. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. నాకు డాక్సీ పడలేదు, కడుపులో వికారం, అజిత్రోతో బయటపడ్డా.

మెషీన్లు. లిపిఫ్లో అని ఒకటి, రెప్ప లోపలి వైపు నుంచి వేడిచేస్తూ బయటి నుంచి నొక్కుతుంది, 12 నిమిషాలు, అమెరికాలో 2011 నుంచి ఉంది. ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అని ఇంకోటి, కింది రెప్ప కింద, బుగ్గల మీద లైట్ ఫ్లాష్‌లు కొడతారు, మూడు నాలుగు వారాల గ్యాప్‌తో మూడు నాలుగు సిట్టింగ్‌లు. మనలాంటి చామనఛాయ, ఇంకా ముదురు రంగు చర్మం వాళ్ళు ఐపీఎల్ విషయంలో తప్పకుండా అడగాల్సిందొకటుంది. ఆ లైట్‌ని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది, ఎనర్జీ సరిగ్గా తగ్గించకపోతే చర్మం కాలి మచ్చలు పడొచ్చు, బాగా ముదురు రంగు వాళ్ళకి అసలు చేయకూడదంటారు. చర్మం టైప్ చూశారా, టెస్ట్ ఫ్లాష్ కొడతారా అని అడిగి, సమాధానం నచ్చితేనే ఒప్పుకోండి. రెండిట్లో ఏది చేయించుకున్నా దాని గుణం కొన్ని నెలలే, ఇంట్లో కాపడం మానేయచ్చని కాదు. నేనైతే మాస్క్‌తో మూడు నెలలు, ఒక మాత్రల కోర్సు, ఈ రెండూ అయ్యాక కూడా కష్టంగా ఉంటేనే మెషీన్ వైపు చూడమంటా. మొదటి విజిట్‌లోనే ప్యాకేజీ చెప్తే ఇంకో డాక్టర్ దగ్గర కూడా అడిగి చూసుకోండి.

చేపనూనె మాత్రల గురించి చాలామంది అడుగుతారు. 2018లో డ్రీమ్ స్టడీ అని 535 మంది మీద ఏడాదిపాటు రోజుకి 3000 మిల్లీగ్రాముల ఒమేగా-3 ఒకవైపు, ఆలివ్ నూనె ఒకవైపు ఇచ్చి చూస్తే పొడికళ్ళ బాధలో తేడా రాలేదు. నేను మానేశా. చేపలు తినేవాళ్ళు తినండి, దానికోసం డబ్బా కొనక్కర్లేదు.

ఆముదం మన ఇళ్ళల్లో పాతదే, రెప్పలకి రాసే అలవాటు కూడా పాతదే, పొడికళ్ళ చుక్కలు కొన్నిట్లో శుద్ధి చేసిన ఆముదం ఉంటుంది కూడా. కానీ గానుగ నుంచి తెచ్చిన ఆముదం స్టెరైల్ కాదు, కంట్లోకి పోనివ్వొద్దు. చనుబాలు, తేనె, పసుపు నీళ్ళు కంట్లో వేయటం అస్సలు వద్దు. కాటుక విషయంలో ఆడవాళ్ళతో ఒక మాట, రెప్ప లోపలి అంచు మీద పెట్టే కాటుక సరిగ్గా ఆ గ్రంథుల నోళ్ళ మీదే కూర్చుంటుంది. జబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో పూర్తిగా మానండి, తగ్గాక వెంట్రుకల బయటి వైపే పెట్టుకుని రాత్రి తప్పకుండా తుడిచేయండి. తలలో చుండ్రు ఉంటే కీటోకొనజోల్ షాంపూతో దాన్నీ తగ్గించుకోవాలి, తల వదిలేసి రెప్పలొక్కటే కడుగుతుంటే ఎన్నాళ్ళైనా అంతే.

ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ సంగతి ఇంకా ముఖ్యం. మా నాన్నకి పోయినేడాది ఆపరేషన్ డేట్ ఇచ్చాక రెప్పలు చూసి రెండు వారాలు వాయిదా వేశారు, రోజూ కాపడం, కడగటం, ఆయింట్‌మెంట్. నాన్నకి విసుగొచ్చింది, చిన్న పొక్కులకి ఇంత హడావిడి ఏంటని. రెప్పల మీదున్న బ్యాక్టీరియానే ఆపరేషన్ తర్వాత కంటి లోపలికి పోయి చూపు పోగొట్టే ఇన్ఫెక్షన్‌కి దారితీయొచ్చు, పైగా కంటి మీద తడి సరిగ్గా లేకపోతే లెన్స్ పవర్ కొలతే తప్పు రావచ్చు అని ఆయనకి కూర్చోబెట్టి చెప్పాల్సొచ్చింది. నేనే రోజూ సాయంత్రం ఆయన రెప్పలు తుడిచేదాన్ని, పదో రోజుకి వెంట్రుకలు శుభ్రంగా, విడివిడిగా కనిపించాయి, ఆయనే అద్దంలో చూసుకుని చేతికి అందినట్టుందిరా చూపు అన్నాడు, ఆపరేషన్ కాకముందే.

ఇక ఎవరికి ఏది అంటే, నేను ఫోన్లో చెప్పేది ఇదే. రోజుకి పది నిమిషాలు కేటాయించగలిగినవాళ్ళు, వెనక వైపు రకం వాళ్ళు, పూసల మాస్క్, నిమరటం, కన్నీటి చుక్కలు. పొలుసులు, చుండ్రు ఎక్కువ ఉన్నవాళ్ళు ఫోమ్ లేదా బేబీ షాంపూ, రాత్రి ఆయింట్‌మెంట్, తలకి షాంపూ. దురద, తెల్ల గొట్టాలు ఉంటే డెమోడెక్స్ పరీక్ష చేయించుకుని టీ ట్రీ వైప్స్, దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతకటం, పాత ఐలైనర్ పారేయటం. మళ్ళీమళ్ళీ కంటికురుపులొస్తుంటే మాత్రల సంగతి అడగటం. కాంటాక్ట్ లెన్స్ వాళ్ళు తగ్గేదాకా కళ్ళద్దాలకి మారండి. ఎంత లేదన్నా నాలుగు నుంచి ఆరు వారాలు ఒకే పద్ధతి చేయండి, వారానికొకటి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాల్సినవి కొన్నున్నాయి. కన్ను నొప్పి, వెలుతురు చూడలేకపోవటం, రెప్ప కొట్టినా పోని మసక, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, పిల్లల్లో కన్ను ఎర్రబడి కళ్ళు చికిలించి చూడటం. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు, ఒక్క కంటికే, అదీ ఒకేచోట నెలల తరబడి మందంగా ఉండి, అక్కడ వెంట్రుకలు రాలిపోతుంటే, కోసి తీసేసిన కురుపు అదేచోట మళ్ళీ వస్తుంటే బ్లెఫరైటిస్ అనుకుని కాపడం పెడుతూ కూర్చోకూడదు. అది సెబేషియస్ గ్రంథి (నూనె తయారుచేసే గ్రంథి) క్యాన్సర్ కావచ్చు, పాశ్చాత్య దేశాల్లో అరుదుగా గానీ మన దేశంలో రెప్పల క్యాన్సర్లలో బాగానే కనపడేది ఇది, ముక్క తీసి పరీక్షకి పంపితే గానీ తేలదు. హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి, రెండూ ప్రభుత్వానివే, ఓపీకి పొద్దున్నే వెళ్ళండి, కాటుక పెట్టుకోకుండా, వాడిన చుక్కల సీసాలన్నీ ఒక కవర్లో వేసుకుని.